బాకులో ఇచ్చిన మాట మా 11 కేవీ ఫీడరు దాకా రావాలంటే

రెండు తెలుగు రాష్ట్రాల ఇంధన శాఖ మంత్రులకు, విద్యుత్ పంపిణీ సంస్థల సీఎండీలకు, విద్యుత్ నియంత్రణ మండళ్ల అధ్యక్షులకు నమస్కారాలతో, వాతావరణ సదస్సులో ధనిక దేశాలు ఇస్తామన్న డబ్బు మన ఊళ్ల సౌర విద్యుత్‌కు అందాలంటే మీరేం చేయాలో చెబుతూ రాస్తున్న లేఖ.

అనంతపురం జిల్లాలో 31 ఏళ్లపాటు 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో షిఫ్టు ఆపరేటరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. నా ఉద్యోగమంతా ఒక పుస్తకంలో ఇమిడిపోతుంది. దాన్ని లాగ్ షీటు అంటారు. గంటకోసారి లేచి, ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు మోసే లైను) మీద ఎన్ని ఆంపియర్లు నడుస్తున్నాయో, ఓల్టేజీ ఎంత ఉందో అందులో రాయాలి. ఆపరేటరు మాట ఎవరూ నమ్మకపోయినా లాగ్ షీటును అందరూ నమ్ముతారు. ఈ లేఖ కూడా ఆ పద్ధతిలోనే రాయాలని నా ప్రయత్నం.

నేను చేరిన కొత్తలో వ్యవసాయ ఫీడర్లకు ఏ గ్రూపు, బీ గ్రూపు అని వంతులుండేవి. ఒక వారం పగలు, మరో వారం రాత్రి. రాత్రి వంతు వస్తే రెండు గంటలకు త్రీఫేజు వదలాలి. బ్రేకరు వేయగానే అమ్మీటరు ముల్లు ఒక్క ఉదుటున పైకి లేచేది. ప్రతి బోరుకూ ఆటో స్టార్టరు ఉండేది మరి. నిద్రపోతున్న రైతును లేపకుండానే మోటార్లన్నీ ఒకేసారి పట్టుకునేవి. ఓల్టేజీ కుంగిపోయేది, ఫీడరు చివరన ఎక్కడో ఒక ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయేది. పది నిమిషాల్లో ఫోను. 'సారూ, మా వైపు రెండు ఫేజులే వస్తున్నాయి.' లైన్‌మన్ వచ్చేలోగా తడి చేనుకు అడ్డంపడి వెళ్లి, టార్చిలైటు నోట కరుచుకుని, ఫ్యూజు తీగ తానే చుట్టబోయి ప్రాణం పోగొట్టుకున్న రైతులున్నారు. వాళ్ల పేర్లు లాగ్ షీటులో ఉండవు. 'ఎర్త్ ఫాల్టు మీద ఫీడరు ట్రిప్పు, 2.25' అని ఉంటుంది, అంటే కరెంటు నేలలోకి దిగి ఫీడరు దానంతటదే ఆగిపోయిందని. మేము అలాగే రాయాలి.

ఇప్పుడు రోజులు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట 9 గంటలు ఇస్తున్నామంటున్నారు, తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత సరఫరా అన్నారు. మంచిదే. కాకపోతే ఆ కరెంటు ఇప్పటికీ చాలా దూరం నుంచి, ఎక్కువ భాగం బొగ్గు కాల్చి వస్తోంది. మా బోర్ల మీద ఎండ మాత్రం ఊరికే కాస్తోంది.

పేపరు ఆసాంతం చదివే అలవాటు నాకు నైట్ షిఫ్టుల్లో అబ్బింది. వాతావరణ సదస్సుల వార్తలు అప్పటి నుంచీ చదువుతున్నాను. 2009లో కోపెన్‌హేగన్‌లో ధనిక దేశాలు పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ అంకె నిండింది 2022లో. నిండిన ఏడాది కూడా ప్రభుత్వాలు, అభివృద్ధి బ్యాంకుల ద్వారా వచ్చిన సొమ్ములో 69 శాతం అప్పే. 2024 నవంబరులో అజర్‌బైజాన్ రాజధాని బాకులో కొత్త మాట ఇచ్చారు. 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు, అంటే మన లెక్కలో సుమారు 25 లక్షల కోట్ల రూపాయలు. పేద దేశాలు అడిగింది ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు. మన దేశ ప్రతినిధి చాందినీ రైనా ఆ సభలోనే లేచి ఇది కనికట్టు తప్ప మరేమీ కాదన్నారు. సర్కారు ప్రతినిధులు అంత సూటిగా మాట్లాడటం అరుదు. ఆ రోజు పేపరు దాచుకున్నాను.

ధనిక దేశాలతో ఆ పోట్లాట ఢిల్లీ చేయాలి, చేస్తోంది. దాని గురించైతే మీకు రాయనక్కర్లేదు. పైనుంచి వచ్చే డబ్బు, అది విదేశీ నిధి కావచ్చు, మన బ్యాంకు అప్పు కావచ్చు, పింఛను నిధి పెట్టుబడి కావచ్చు, చివరికి మన రాష్ట్రాల్లో దిగేది మీ గుమ్మం ముందే. సౌర విద్యుత్ ప్లాంటు ఎవరు పెట్టినా కరెంటు కొనేది డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ. బిల్లు చెల్లించేదీ డిస్కమే. ధర ఖాయం చేసేది నియంత్రణ మండలి. రైతుకు ఉచితంగా ఇస్తే ఆ లోటు పూడ్చేది ప్రభుత్వం. ఈ ముగ్గురిలో ఒకరు మాట తప్పినా బాకులో ఎవరేం సంతకం పెట్టినా లాభం లేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతా లేఖంతా దానికి సాక్ష్యం.

2021 నవంబరులో గ్లాస్గోలో మన ప్రధాని 2030 నాటికి శిలాజేతర (బొగ్గు, గ్యాసు, చమురు కాల్చకుండా వచ్చే) విద్యుత్ సామర్థ్యం 5 లక్షల మెగావాట్లకు చేరుస్తామన్నారు. 2025 జూన్ నాటికి దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరమే అయింది, అనుకున్నదానికన్నా ఐదేళ్ల ముందే. నిజంగా గొప్ప సంగతే. అయితే సబ్‌స్టేషన్‌లో పనిచేసినవాడు సామర్థ్యం అంకె చూసి సంతోషించి ఊరుకోడు. మెగావాట్లు బోర్డు మీద రాస్తారు, యూనిట్లు మీటరు మీద తిరుగుతాయి. యూనిట్ల లెక్క తీస్తే ఇప్పటికీ నాలుగింట మూడొంతులకు దగ్గరగా బొగ్గుదే. ఒకవైపు రాజస్థాన్‌లో మధ్యాహ్నం తయారైన సౌర విద్యుత్తును మోసుకెళ్లే లైన్లు చాలక ప్లాంట్లను తగ్గించి నడపమంటున్నారు. మరోవైపు టెండర్లు పూర్తయినా ఏ డిస్కమూ కొనుగోలుకు సంతకం పెట్టక వేల మెగావాట్లు కాగితాల మీదే ఉన్నాయి. పెళ్లి కుదిరింది, పందిరి వేశారు, తాళి కట్టేవాడు మాత్రం రాలేదు.

డిస్కంలు ఎందుకు వెనకాడతాయో నాకు తెలుసు. వాటి చేతిలో డబ్బు ఉండదు. ఆ ఇబ్బందిని కాదనను. కానీ చెల్లించడంలో ఒకచోట చేసిన ఆలస్యం మరోచోట వడ్డీ అయి తిరిగొస్తుంది. ఇక్కడ కాస్త లెక్క చెప్పనివ్వండి.

థర్మల్ ప్లాంటులో సగానికి పైగా ఖర్చు ఏళ్ల తరబడి బొగ్గు మీద పడుతుంది. సౌర ప్లాంటుకు ఇంధనం ఖర్చు లేదు, పెట్టేదంతా మొదట్లోనే పెట్టాలి. ఒక మెగావాటుకు సుమారు 4 కోట్లు అనుకోండి. అందులో 70 శాతం, అంటే 2.8 కోట్లు బ్యాంకు అప్పు. ఏడాదికి 16, 17 లక్షల యూనిట్లు వస్తాయి. వడ్డీ ఒక్క శాతం పెరిగితే మొదటి ఏడాది 2.8 లక్షలు అదనం, యూనిట్‌కు 17 పైసలు. మూడు శాతం పెరిగితే అర్ధ రూపాయి. ఐరోపాలో పెట్టినా మన దగ్గర పెట్టినా ప్యానెల్ ప్యానెలే, పైగా మన ఎండ ఎక్కువ. ఐరోపా కంపెనీకి నాలుగైదు శాతానికి దొరికే అప్పు ఇక్కడ పది శాతం దగ్గర ఎందుకు దొరుకుతుంది? రూపాయి విలువ పడిపోతుందన్న భయం కొంత. మిగతాది, ఈ డిస్కం సమయానికి చెల్లిస్తుందా, ప్రభుత్వం మారితే ఒప్పందం నిలుస్తుందా అన్న అనుమానానికి కట్టే ధర. ఆ అనుమానానికి కారణం మనమే కాబట్టి దాన్ని తగ్గించగలిగేదీ మనమే. దానికి ఏ విదేశీ నిధీ అక్కర్లేదు.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర పార్కు చూశారు కదా. 2015 నవంబరులో అందులో 500 మెగావాట్లకు వేలం వేస్తే సన్ఎడిసన్ అనే అమెరికా కంపెనీ యూనిట్ రూ.4.63కి ఇస్తానంది. అప్పటికి దేశంలో అదే కనిష్ఠ ధర. పేపర్లన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. ఆరు నెలలు తిరక్కుండా ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషను వేసింది. తర్వాత గ్రీన్‌కో చేతికి వచ్చి 2017లో పార్కు పూర్తయింది. అక్కడ తప్పు కంపెనీది, మనం బయటపడ్డాం.

తర్వాతిది మనదే. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సౌర, పవన విద్యుత్ పాత ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ వాటిని తిరగదోడటానికి కమిటీ వేసింది. ధరలు నిజంగా ఎక్కువే అయి ఉండవచ్చు, అందులో విచారించాల్సింది ఉండవచ్చు. అయితే యూనిట్‌కు రూ.2.43, రూ.2.44 దగ్గర ఇస్తాం, తర్వాత చూద్దాం అన్న పద్ధతి ఎవరికి మంచి చేసింది? జపాన్ రాయబారి ముఖ్యమంత్రికి లేఖ రాసేదాకా వెళ్లింది. హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని తేల్చేసరికి 2022 మార్చి వచ్చింది. దాదాపు మూడేళ్లు. ఆ మూడేళ్లలో బకాయి పెరిగింది, కేసుల ఖర్చు పెరిగింది, కొత్త పెట్టుబడిదారు మన రాష్ట్రం పేరు చెబితే ఒకటికి రెండుసార్లు ఆలోచించే పరిస్థితి వచ్చింది. ఇప్పుడున్న ప్రభుత్వం 2024లో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం తెచ్చి 10 లక్షల కోట్ల పెట్టుబడులు రప్పిస్తానంటోంది. రావాలనే కోరుకుంటున్నాను. వచ్చేవాడు మాత్రం విధానం పుస్తకం కన్నా ముందు 2019 చదువుకుని వస్తాడు.

దారి లేకపోలేదు. 2022 జూన్‌లో కేంద్రం ఆలస్య చెల్లింపుల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. పాత బాకీలను వాయిదాల్లో కట్టాలి, కొత్త బిల్లు గడువు దాటితే బహిరంగ మార్కెట్లో కరెంటు కొనుక్కునే వీలు పోతుంది. అంతవరకు దేశంలోని డిస్కంలు ఉత్పత్తిదారులకు 1.4 లక్షల కోట్ల దాకా బాకీ ఉన్నాయి. ఆ తర్వాత పాత బాకీ ఏడాదికేడాది కరిగింది. డిస్కంలకు రాత్రికి రాత్రి లంకెబిందెలు దొరకలేదు. చెల్లించక తప్పదన్నప్పుడు చెల్లించాయి, అంతే.

ఆ రక్షణ పెద్ద కంపెనీలకు బాగా పనిచేసింది. చిన్నవాడి సంగతి చెబుతాను.

2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలో 'ఎ' విభాగం అని ఒకటుంది. సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు రైతు తన బీడు భూమిలో అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకుని డిస్కంకు కరెంటు అమ్ముకోవచ్చు. రైతు సంఘం పెట్టవచ్చు, పంచాయతీ పెట్టవచ్చు. కాగితం మీద ఇంత మంచి పథకం నేను చూడలేదు. మా మేనల్లుడికి రోడ్డు పక్కన ఐదెకరాలుంది, గుట్ట వాలు, వేరుశనగ కూడా సరిగా రాదు. ఉత్సాహంగా దిగాడు. అర్హత పత్రం వచ్చింది. ప్రాజెక్టు రిపోర్టు చేయించాడు. బ్యాంకుకు వెళితే మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, 'పట్నంలో ఇల్లు ఏమైనా ఉందా' అని అడిగాడు. పాతికేళ్లు కరెంటు కొంటానని డిస్కం రాసిచ్చే ఒప్పందం తాకట్టుకు పనికిరాదా అంటే, ఆయన నవ్వి, 'డిస్కం ఎప్పుడిస్తుందో మీకు తెలుసా, నాకు తెలుసా' అన్నాడట.

ఆ మేనేజరును తప్పు పట్టలేను. ఒక మెగావాటు ప్లాంటుకు ఏడాది రాబడి 50 లక్షల దగ్గర. ఆరు నెలల బిల్లు ఆగితే పాతిక లక్షలు ఇరుక్కుపోతాయి. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా ఠంచనుగా తలుపు తడుతుంది. పెద్ద కంపెనీ అయితే ఒక ప్లాంటు రాబడి తెచ్చి ఇంకో ప్లాంటు వాయిదా కడుతుంది, హైకోర్టుకు వెళుతుంది. మావాడు ఎక్కడికి వెళతాడు? మా సెక్షన్ ఆఫీసుకు వెళతాడు. ఏడాదిన్నర తిరిగి కాగితాలు కట్టకట్టి అటక మీద పెట్టాడు. దేశమంతటా ఇలాంటి కట్టలే అటకల మీద ఉన్నట్టున్నాయి. 'ఎ' విభాగం లక్ష్యం 10 వేల మెగావాట్లు. 2025 సగం గడిచినా అందులో పదో వంతు కూడా నిలబడలేదు.

పెద్ద కంపెనీల మీద నాకు కోపం లేదు. వాటి పార్కులూ కావాలి. కానీ పెద్ద పార్కు ఒక్కటే దారి అనుకుంటే ఏమవుతుందో మా అక్క వాళ్ల తాలూకాలో చూశాను. వాళ్లది పావగడ. కర్ణాటకలో తుమకూరు జిల్లా అయినా ఇంట్లో మాట తెలుగే, పొలంలో కరువూ మనదే. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వచ్చింది. భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలుకు తీసుకున్నారు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. భూమి రైతు పేరుమీదే ఉంది. ఆ ఆలోచన నాకు బాగా నచ్చింది. వాన పడినా పడకపోయినా కౌలు వస్తోంది. రెండేళ్లకు 5 శాతం పెంపు బియ్యం ధరను అందుకోలేకపోతోందని మా బావ సణుగుతాడు. లెక్క వేస్తే ఆయన సణుగుడులో న్యాయం ఉంది.

మరో సంగతి కూడా ఉంది. మా అక్క ఇంటికి కలుపు తీయడానికి, వేరుశనగ పెరకడానికి వచ్చే ఒక ఆమె ఉండేది. ఆమెకు సెంటు భూమి లేదు. పొలాలన్నీ ప్యానెళ్ల కిందికి పోయాక కలుపు పనీ లేదు, పెరికే పనీ లేదు. కంచె పడ్డాక మేకలు మేసే చోటూ పోయింది. భూమి ఉన్న ఇంటికి ఏడాదికోసారి బ్యాంకులో డబ్బు పడుతోంది. భూమి లేని ఇంటికి ఏమీ పడలేదు. ప్యానెళ్లు తుడిచే పని, గడ్డి కోసే పని కొందరికి దొరికాయి, అందరికీ ఎలా దొరుకుతాయి? నేను వెళ్లినప్పుడు ఆమె బెంగళూరులో ఏదో కట్టడం పనికి వెళ్లిందన్నారు. ఈమెను ఏ సదస్సు పత్రంలో ఏ గడిలో రాస్తారో నాకు అంతుపట్టలేదు.

అందుకే ఒకేచోట 13 వేల ఎకరాలకు బదులు, సబ్‌స్టేషన్‌కు నాలుగైదెకరాల చొప్పున ఊరూరా పంచుకుంటే మేలని నా అభిప్రాయం. ఆ మాత్రం బంజరు ఏ ఊళ్లో లేదు? ఒక మెగావాటు ఏడాదిలో ఇచ్చే యూనిట్లు ఐదు హెచ్‌పీ మోటార్లు రెండు వందలకు సరిపోతాయి. పగలు ఎండ ఉన్నప్పుడే మోటారు నడుస్తుంది, తొమ్మిది గంటల వాగ్దానం సూర్యుడే నిలబెడతాడు. వందల కిలోమీటర్లు మోయాల్సిన పని లేదు కాబట్టి లైన్లలో పోయే కరెంటు మిగులుతుంది. ఫీడరు చివర ఓల్టేజీ నిలుస్తుంది, మోటార్లు కాలిపోవడం తగ్గుతుంది. కుసుమ్ 'సి' విభాగం కింద వ్యవసాయ ఫీడరును ఇలా మార్చడానికి కేంద్రం మెగావాటుకు రూ.1.05 కోట్ల దాకా సాయం కూడా ఇస్తానంది. మహారాష్ట్ర దీన్ని పట్టుకుని వేల మెగావాట్లకు టెండర్లు పూర్తి చేసింది, యూనిట్ ధర మూడు రూపాయల దరిదాపుల్లో వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. రైతుల మోటార్ల కోసమంటూ 2021 డిసెంబరులో కేంద్ర సౌర విద్యుత్ సంస్థ సెకీ ద్వారా 7,000 మెగావాట్లు యూనిట్ రూ.2.49కి కొనడానికి ఒప్పుకుంది. ప్లాంట్లు రాజస్థాన్‌లో. ఆ ఒప్పందం మీద రేగిన వివాదాలు వేరే చోట తేలతాయి, వాటి జోలికి నేను పోను. రాయలసీమలో బోరు నడపడానికి రాజస్థాన్ ఎండ తెచ్చుకోవాలా అన్నదే నా మూగ బాధ. తెలంగాణలో మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల సౌర ప్లాంట్లు పెట్టిస్తామన్నారు. అది విన్నప్పుడు నిజంగా సంతోషం కలిగింది. ఆ సంఘాలు అప్పు తీర్చడంలో ఎంత కచ్చితంగా ఉంటాయో బ్యాంకులే చెబుతాయి. వాటి దగ్గర కొన్న కరెంటుకు డిస్కం కూడా అంత కచ్చితంగా ఉంటుందా అన్నదే నా ప్రశ్న.

మీ ఇంజనీర్లు నన్ను ఒక చోట తప్పు పడతారు, ముందే ఒప్పుకుంటాను. సగటు సరఫరా ఖర్చు యూనిట్‌కు ఏడు రూపాయలు, ఊరి సౌర విద్యుత్ మూడు రూపాయలు, తేడా అంతా మిగులే అని కొందరు వేదికల మీద చెబుతున్నారు. అది సరికాదు. ఆ ఏడు రూపాయల్లో తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, జీతాలు, వాడినా వాడకపోయినా థర్మల్ ప్లాంట్లకు కట్టాల్సిన స్థిర చార్జీలు ఉన్నాయి. ఊళ్లో ప్యానెల్ పెట్టగానే అవి మాయం కావు. సాయంత్రం ఏడింటికి ఇళ్లలో లైట్లు వేసేటప్పుడు ఆ ప్యానెల్ అక్కరకు రాదు కూడా. ఇవన్నీ తీసేసినా గణనీయంగా మిగులుతుంది. రెండు రాష్ట్రాలూ ఏటా విద్యుత్ సబ్సిడీల కింద చెరో పదివేల కోట్లకు పైనే భరిస్తున్నాయి. రెండింటిలో కలిపి సుమారు 50 లక్షల వ్యవసాయ మోటార్లున్నాయి. ఉచిత విద్యుత్ తీసేయమని నేను అనడం లేదు. 2004 నుంచి దాని మీద బతికిన రైతులను ఎరుగుదును. ఏటా ఆవిరయ్యే సబ్సిడీలో కొంత, పాతికేళ్లు ఉండే ఆస్తిగా మార్చమంటున్నాను.

భూగర్భ జలాల సంగతీ ఉంది. మా వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. కరెంటు ఊరికే వస్తే నీళ్లూ ఊరికే వస్తాయనుకుంటాం. ఫీడరుకు ప్లాంటు పెడితే కనీసం పగటి గంటలకే పంపింగు పరిమితమవుతుంది. అది పూర్తి మందు కాదు.

అప్పు సంగతి కూడా ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో స్తంభాలు పడిపోయి నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. మా జిల్లా నుంచి కూడా లైన్‌మన్లు వెళ్లారు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో అక్కడ భూగర్భ కేబుళ్లు వేశారు. వాతావరణం కోసం పెట్టిన డబ్బు కంటికి కనబడేలా పనిచేసిన చోటు అది. కాకపోతే అది అప్పు. తుపాను మనం తయారు చేసింది కాదు, వడ్డీ మాత్రం మనం కడుతున్నాం. శ్రీకాకుళంలో 2018 తిత్లీ తుపానుకు కూలిన కొబ్బరి చెట్ల గురించి అడగండి, కొత్త చెట్టు కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో పలాస రైతు చెబుతాడు. ఇలాంటి నష్టాలకు గ్రాంటే కావాలి, అప్పు కాదు. ఢిల్లీ వాళ్లు సదస్సులో గట్టిగా అడగాల్సింది అక్కడ. సౌర ప్లాంటు తన అప్పు తాను తీర్చుకోగలదు, దానికి గ్రాంటు అడిగి సమయం పోగొట్టుకోనక్కర్లేదు. దానికి కావాల్సింది చవక వడ్డీ, నమ్మకమైన కొనుగోలుదారు. ఇందౌర్ నగర పాలక సంస్థ 2023 ఫిబ్రవరిలో 244 కోట్లకు హరిత బాండ్లు (పర్యావరణ పనుల కోసం అప్పు తీసుకునే పత్రాలు) అమ్మింది, నర్మద నీళ్లు ఎత్తిపోసే కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి 60 మెగావాట్ల సౌర ప్లాంటు కోసం. మామూలు జనం కూడా కొన్నారు. కృష్ణ, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా తోడి తెచ్చుకునే హైదరాబాదు ఆ పని ఎందుకు చేయకూడదు?

ఇక నా విన్నపం. రెండు మెగావాట్ల లోపు ప్లాంట్ల బిల్లుల కోసం ప్రతి డిస్కంలోనూ ఒక ప్రత్యేక ఖాతా తెరవండి. అందులో మూడు నెలల బిల్లుకు సరిపడా సొమ్ము ఎప్పుడూ ఉండాలి, దాన్ని మరో అవసరానికి ముట్టుకోకూడదు. అయిదు రాష్ట్రాలు తిరిగి, వంద సదస్సులకు వెళ్లి తెచ్చే నమ్మకం కన్నా ఆ ఖాతా పాసుపుస్తకం తెచ్చే నమ్మకం ఎక్కువ. దాన్ని చూపించి మా మేనల్లుడు బ్యాంకు మేనేజరును కూర్చోబెట్టి తానే కాఫీ ఇప్పిస్తాడు. వాతావరణ నిధుల నుంచి ఏదైనా వచ్చే వీలుంటే ముందుగా ఆ ఖాతాకు హామీగా అడగండి. కొద్దిపాటి హామీ సొమ్ము వెనక ఎన్నో రెట్ల బ్యాంకు అప్పు కదులుతుంది.

ఒప్పందం సంతకం అయ్యాక దాని ధర జోలికి ఏ ప్రభుత్వమూ వెళ్లకుండా నియంత్రణ మండళ్లు గట్టిగా నిలబడాలి. ధర ఎక్కువని అనుమానముంటే సంతకానికి ముందు బహిరంగ విచారణ పెట్టి నిలదీయండి, మేమూ వచ్చి మాట్లాడతాం. ఊరి బంజరులో ప్లాంటు పెడితే దాని కౌలులో ఒక వాటా భూమిలేని కూలీ ఇళ్లకు వెళ్లేలా ఒప్పందంలోనే రాయండి. కౌలు రైతు సాగు చేస్తున్న భూమి అయితే అతణ్ని అడగకుండా యజమాని సంతకం ఒక్కటీ చాలదని కూడా రాయండి. కుసుమ్ పథకం గడువులు పెరుగుతాయో లేదో చూసుకుంటూ కూర్చునే తీరిక మనకు లేదు.

చివరగా చిన్న కోరిక. ప్రతి సబ్‌స్టేషన్ గోడకు ఇప్పటికే 'అపాయం' అని పుర్రె బొమ్మతో ఒక బోర్డు ఉంటుంది. దాని పక్కనే ఇంకొకటి పెట్టించండి. ఈ సబ్‌స్టేషన్ కింద ఉన్న వ్యవసాయ ఫీడర్ల పేర్లు, వాటిలో సౌర విద్యుత్‌కు మారినవి ఎన్ని, ప్లాంటు యజమాని ఇచ్చిన చివరి బిల్లు తేదీ, డిస్కం చెల్లించిన తేదీ. నాలుగు గడులు చాలు. నెలకోసారి ఆపరేటరు సుద్దముక్కతో మారుస్తాడు. వచ్చే ఉగాదికి ఒక్కో డిస్కం పరిధిలో ఒక్కో సబ్‌స్టేషన్‌తో మొదలుపెట్టండి. మా ఊరి సబ్‌స్టేషన్‌ను ఎంచుకుంటే బోర్డుకు పెయింటు ఖర్చు నేను పెట్టుకుంటాను. అక్షరాలు కూడా నేనే రాస్తాను. 31 ఏళ్ల లాగ్ షీట్లు రాసిన చేయి, దస్తూరి ఇంకా బాగానే ఉంది.

ఇట్లు,
అనంతపురం జిల్లా నుంచి ఒక రిటైర్డ్ సబ్‌స్టేషన్ ఆపరేటరు